టీవీకి ఏం తెలుస్తుంది పాపం
2020 సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరి, టీశాట్‌లలో పాఠాలు మొదలయ్యాక మా అమ్మాయి రోజూ టీవీ ముందే కూర్చునేది. పాఠాలకు వంక పెట్టలేం. కానీ ఓ రోజు 1/2కి 1/3 కలిపి 2/5 అని రాసుకుని హాయిగా లేచి వెళ్లిపోయింది, టీవీ ఏమంటుంది! బడి తెరిచాక లెక్కల టీచరు బెంచీల మధ్య తిరుగుతూ ఆ లెక్క మీద వేలు పెట్టి, "సగం రొట్టెకి ఇంకో ముక్క కలిపితే సగం కంటే తగ్గిపోతుందా తల్లీ?" అన్నారట, అంతే, మళ్లీ ఆ తప్పు చేయలేదు. అలాగని ఆన్‌లైన్ వద్దనను, నేను ఎక్సెల్ నేర్చుకుంది యూట్యూబ్‌లోనే, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లే ఆన్‌లైన్ బ్యాచ్‌లు నడుపుతున్నాయి. కానీ ఫోన్ ఉండగా టీచరెందుకు అనే మా అపార్ట్‌మెంట్ మేధావులు ఒక్క పీరియడ్ ఏడో తరగతిలో నిలబడి చూడండి సార్.