కాలం తగ్గించాలా, వాయిదా తగ్గించాలా: నా అప్పుతో ఎక్సెల్ కుస్తీ

ఏడాది పాటు ఒక్క నెల కూడా తప్పకుండా వాయిదాలు కట్టాక, బాకీ ఎంత తగ్గిందో చూద్దామని స్టేట్‌మెంట్ తెరిచాను. అప్పు 10 లక్షలు, వడ్డీ 9 శాతం, గడువు 20 ఏళ్లు, నెల వాయిదా 8,997. పన్నెండు నెలల్లో కట్టింది 1,07,964. అసలులో తగ్గింది 18,724. ఈ సంగతి నా దగ్గర ఎవరూ దాచలేదు. సంతకం పెట్టిన రోజున వాయిదా అంకె చూసి, కట్టగలనులే అనుకుని, అక్కడే ఆగిపోయాను.

సరిగ్గా అప్పుడే చేతికి ఒక లక్ష అదనంగా అందింది. దాన్ని అప్పులో వేస్తే ఎంత లాభమో తేల్చుకోవాలని ఎక్సెల్‌లో రుణ చెల్లింపుల టెంప్లేట్ ఒకటి దించుకున్నాను. అప్పు, వడ్డీ, గడువు నింపగానే 240 వరుసలు పరుచుకున్నాయి. మొదటి వరుసలో వడ్డీ 7,500, అసలు 1,497. అంతవరకు హాయిగానే సాగింది.

ముందస్తు చెల్లింపు కోసం సొంతంగా ఒక నిలువు వరుస చేర్చి, సూత్రాలు తిరగరాయబోయాక మొదలైంది తంటా. మొదటి గడిలో సూత్రం రాసి కిందికి లాగాను. బాకీ పదేళ్లు కూడా పట్టకుండా తీరిపోతోంది! ఒక నిమిషం పాటు నిజంగానే సంతోషించాను. తీరా చూస్తే రెండో నెల నుంచి వడ్డీ సున్నా. సూత్రాన్ని కిందికి లాగినప్పుడు వడ్డీ రేటు గడి చిరునామా కూడా ఒక్కో మెట్టు దిగి ఖాళీ గడుల్లోకి వెళ్లిపోయింది. ఆ చిరునామాకు డాలర్ గుర్తులు తగిలిస్తే కదలకుండా నిలబడింది. చివరి నెలల్లో బాకీ మైనస్‌లోకి జారడం మరో చిక్కు. మామూలు వాయిదా, మిగిలిన బాకీతో కలిపి ఆ నెల వడ్డీ: ఈ రెండిటిలో చిన్నదే కట్టేలా మిన్ సూత్రం పెట్టాక అదీ కుదురుకుంది.

లక్ష కడితే ఆదా అయ్యే వడ్డీ 1.09 లక్షలని తేలింది. ఇంతేనా అని నీరసపడి అక్కకు ఫోన్ చేశాను. అంతా విని, ‘‘నువ్వు వాయిదా తగ్గించి లెక్క వేశావా, కాలం తగ్గించి వేశావా?’’ అంది. నేను చూసుకోనే లేదు. టెంప్లేట్ తనంతట తానే గడువును అలాగే ఉంచి, వాయిదాను 8,080కి దించేసింది. వాయిదా మార్చకుండా మళ్లీ వేస్తే అప్పు 190 నెలల్లో తీరింది. ఆదా అయిన వడ్డీ సుమారు 3.54 లక్షలు. ఇందులో మాయేమీ లేదు. మొదటి పద్ధతిలో నెలకు 917 నా జేబులోనే ఉంటుంది. రెండో దానిలో అదీ అప్పులోకే పోతుంది. అందుకే ఒట్టి వడ్డీ మిగులును పక్కపక్కన పెట్టి ఇది గొప్ప, అది తక్కువ అనడం నాకు నచ్చదు. నెల నెలా చేతిలో ఆ కాస్త సొమ్ము ఆడక ఇబ్బంది పడేవారికి మొదటిదే మేలు.

ఇంకో షీటులో ఆ లక్ష వేయకుండా, వడ్డీని అర శాతం పెంచి చూశాను. వాయిదా మార్చకపోతే గడువు 25 నెలలు సాగింది. మరోదానిలో లక్షకు బదులు 50 వేలే వేసి చూశాను. లక్షకు 50 నెలలు తగ్గితే, సగానికి 27 నెలలు తగ్గాయి. మొదట పడిన సొమ్ముకే ఫలితం కాస్త ఎక్కువన్నమాట. నాకు కావలసింది దొరికింది: 50 వేలు అప్పుకు, మిగతాది ఆపదకు.

డబ్బు కట్టి, ‘‘వాయిదా మార్చవద్దు, గడువు తగ్గించండి’’ అని రాసి ఇచ్చాను. వారం తర్వాత వచ్చిన పట్టికలో వాయిదా 8,539 అని ఉంది. ఆ అంకె నాకు కొత్త కాదు, గడువు తగ్గించని నా షీటులో కనిపించిందే. మళ్లీ రాసి, నా లెక్క కాగితం కూడా జత చేశాను. సరిచేసిన పట్టిక వచ్చాక ముందుగా చివరి పేజీ తిప్పాను. ఆఖరి వాయిదా పక్కన 213 అని ఉంది.