ముసురు రోజు, నూనె దీపం, ఐఎస్ఓ 6400

ఆదివారం. పొద్దున్నుంచి ఒకటే ముసురు. మధ్యాహ్నం మూడింటికే ఇంట్లో లైటు వేసుకోవాల్సినంత మబ్బు. ఫొటోల్లో నాయిస్ (రవ్వ చల్లినట్టు కనిపించే చుక్కలు) ఎక్కణ్ణుంచి పుడుతుందో చూడ్డానికి ఇంతకన్నా అనువైన రోజు ఉండదు. ఇత్తడి కుందిలో ఒక వత్తి, వెనక ముదురు మెరూన్ పట్టుచీర కొంగు, ట్రైపాడ్ మీద కెమెరా, 50 ఎంఎం లెన్సు. ఇవాళ్టి సరంజామా ఇంతే.

ముందు రెండు ఫ్రేములు, రెండిట్లోనూ అపర్చర్, అంటే లెన్సులో కాంతి దూరే కన్నం, ఎఫ్2.8 దగ్గర. ఒకటి ఐఎస్ఓ 100, షటర్ 1 సెకను. రెండోది ఐఎస్ఓ 6400, షటర్ 1/60. తెర మీద వెలుగు రెండిట్లోనూ ఒకటే. నూరు శాతానికి పెంచి కొంగు మడతల్లోకి వెళ్తే తెలుస్తుంది తేడా. మొదటిదాంట్లో జరీ పోగులు లెక్కపెట్టొచ్చు. రెండోదాంట్లో మెరూన్ మీద ఆకుపచ్చ, నీలం చుక్కలు, రంగులద్దిన బొంబాయి రవ్వ చల్లినట్టు. ఇక్కడే అందరూ ఐఎస్ఓని బోనెక్కిస్తారు. కానీ రెండో ఫ్రేములో సెన్సర్‌కి (కాంతిని పట్టే చిప్పుకి) అందిన కాంతే మొదటిదాంట్లో అరవయ్యో వంతు. ఐఎస్ఓ చేసిందల్లా ఆ కాస్త సిగ్నల్‌ని పెంచి చూపించడం.

నమ్మకం కుదరకపోతే మూడో ఫ్రేము. అదే ఎఫ్2.8, అదే 1/60, ఐఎస్ఓ మాత్రం 400. నాలుగు స్టాపులు తక్కువ (ఒక్కో స్టాపుకీ వెలుగు సగం) కాబట్టి నల్లగా వచ్చింది. కంప్యూటర్లో ఎక్స్‌పోజర్ నాలుగు స్టాపులు పెంచితే? 6400 ఫ్రేము కన్నా ఏమీ మెరుగ్గా లేదు. కొత్త సెన్సర్లలో ఇంచుమించు సమానం. చాలా పాత కెమెరాల్లో అయితే ఇంకా ఘోరం, నీడల్లో గీతలు గీతలుగా తేలుతుంది. సిగ్నల్‌ని చదివే సర్క్యూట్‌కి సొంత రొద ఒకటుంటుంది. సిగ్నల్‌ని ముందే పెంచకపోతే ఆ రొద దాంతో కలిసిపోయి, తర్వాత దాంతోపాటే పదహారు రెట్లవుతుంది. "ఐఎస్ఓ 400 దాటొద్దు" అనే సలహా పాటించి చీకటి ఫొటోలు తీసి, ఇంటికొచ్చి నీడలు లేపుకునేవాళ్ల అవస్థ ఇదే.

అసలు మూలం కాంతిలోనే ఉంది. ఈ తుంపరలో పెరట్లో నాలుగు గ్లాసులు పక్కపక్కన పెట్టి నిమిషం తర్వాత చూస్తే ఏ రెండిట్లోనూ చినుకులు సమానంగా ఉండవు. కుండపోతలో అయితే ఆ తేడా కంటికి ఆనదు. ఫోటాన్లూ (కాంతి కణాలు) అంతే. ఒక పిక్సెల్‌లో సగటున 100 పడితే అటూఇటూ 10 ఊగుతాయి, అంటే పది శాతం. 10,000 పడితే ఊగేది 100, ఒక్క శాతం. నాయిస్ ఎప్పుడూ నీడల్లోనే ముందు కనిపించడానికి కారణం ఇదే. ఎంత ఖరీదైన కెమెరా కొన్నా ఈ లెక్క తప్పదు.

దీపం వెలుగుతో ఇంకో చిక్కు. సెన్సర్ మీద సగం పిక్సెళ్లు ఆకుపచ్చకి, పావు ఎరుపుకి, పావు నీలానికి. నూనె దీపంలో నీలం దాదాపు ఉండదు. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు దిద్దడం) సరిచేసినప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ ఆకలిగొన్న నీలాన్ని బలవంతంగా లేపుతుంది, దాని నాయిస్ కూడా లేస్తుంది. అందుకే దీపాల ఫొటోల్లో కాస్త పసుపుదనం వదిలెయ్యడమే మేలు. అందంగానూ ఉంటుంది. ఇదే వెలుగులో హిస్టోగ్రామ్ (ఎడమన నీడలు, కుడిన వెలుగులు చూపించే గ్రాఫు) చూసేటప్పుడు తెల్లదాన్ని కాదు, ఎరుపుని చూడాలి. పసుపు, కుంకుమ, బంగారం ఉన్న ఫ్రేములో ముందుగా మాడేది అదే. ఎరుపు అంచు తగలనంతవరకు షటర్ నిదానించో, అపర్చర్ తెరిచో ఎక్స్‌పోజర్ కుడివైపుకి జరుపుకోవాలి.

రాత్రి పెళ్లి మంటపంలో ట్రైపాడ్ కుదరదు. అక్కడ పని చేసేది అపర్చరే. కెమెరాతోపాటు వచ్చే కిట్ లెన్సు జూమ్ చేస్తే ఎఫ్5.6. చవకలో దొరికే 50 ఎంఎం ఎఫ్1.8 లెన్సు దానికి దాదాపు పదింతల కాంతి ఇస్తుంది. కొత్త బాడీ కొనే ముందు ఇది కొనాలి. పీటల మీద కూర్చున్నవాళ్లకి 1/100 చాలు, నాదస్వరం ముందు చిందులేసే పిల్లలకి 1/250 ఉండాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి నాసిరకం ఎల్‌ఈడీలు సెకనుకి వందసార్లు మినుకుతాయి. 1/250లో ఫొటోకి అడ్డంగా చారలు పడితే అది నాయిస్ కాదు, డీనాయిస్ చేస్తే పోదు. 1/100కో 1/50కో దిగాలి.

ఫోన్ అయితే లెన్సు తుడిచి, మెయిన్ కెమెరాతోనే తీసి, జూమ్ ముట్టుకోకుండా ఉంటే సగం పని అయినట్టే. నైట్ మోడ్‌లో మోచేతులు గోడకి ఆనించాలి. అది వరసగా చాలా ఫ్రేములు తీసి సగటు కడుతుంది. 16 ఫ్రేముల సగటులో నాయిస్ నాలుగో వంతుకి పడుతుంది. కదలని వస్తువుకి కెమెరాతోనూ ఇదే చెయ్యొచ్చు. ఇవాళ దీపం పక్కన పెట్టిన కుంకుమభరిణెని ఐఎస్ఓ 6400లో 16 సార్లు తీసి ఫొటోషాప్‌లో ఒకే స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా చేర్చి, స్టాక్ మోడ్‌లో మీన్ పెడితే చెక్కుడు గీతలు తేలాయి. దీపం కాస్త రెపరెపలాడింది కాబట్టి మంట మాత్రం మసకే.

సాఫ్ట్‌వేర్ చివరి మెట్టు, అది కూడా రా ఫైలుతోనే (సెన్సర్ చదివినదాన్ని దిద్దకుండా దాచేది). జేపెగ్‌లో కెమెరా అప్పటికే తోమేసి ఉంటుంది. లైట్‌రూమ్‌లో కలర్ నాయిస్ తగ్గింపు 25 ఎలాగూ ఉంటుంది, అది చాలు. వెలుగు నాయిస్ తగ్గించే లూమినెన్స్ 20–30 దాటితే చర్మం మైనంలా, జరీ ప్లాస్టిక్‌లా అవుతుంది. 2023లో వచ్చిన ఏఐ డీనాయిస్ బాగుంది కానీ సగానికి తగ్గించి వాడాలి. షార్పెనింగ్‌లో ఆల్ట్ నొక్కి మాస్కింగ్ పెంచితే నున్నటి గోడ మీద రవ్వ పదునెక్కదు. ఆ మాటకొస్తే 6000 పిక్సెళ్ల వెడల్పు ఫొటోని 1600కి కుదిస్తే పద్నాలుగు పిక్సెళ్లు ఒకటవుతాయి, చాలా నాయిస్ అక్కడే పోతుంది. వాట్సాప్‌లో పంపే ఫొటో కోసం గంటలు కూర్చోవడం దండగ.

ఎనిమిదింటికి దీపం కొండెక్కింది. లెన్సుకి మూత పెట్టి, ఐఎస్ఓ 1600లో 30 సెకన్లు ఇంకో ఫ్రేము. ఏమీ లేని ఆ నల్లదనంలో ఎర్రవి, నీలివి పదిహేడు చుక్కలు. ఇవి వేడి వల్ల వచ్చే హాట్ పిక్సెళ్లు. సెన్సర్ ఆరేడు డిగ్రీలు వేడెక్కితే ఈ రకం నాయిస్ ఇంచుమించు రెట్టింపు, అందుకే లైవ్ వ్యూ (తెర మీద దృశ్యం చూపిస్తూ ఉండటం) చాలాసేపు నడిచాక తీసిన ఫ్రేములో చుక్కలు ఎక్కువ. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్ చేస్తే కెమెరా ఇలాంటి మూత ఫ్రేమునే తనంతట తాను తీసి అసలు ఫొటోలోంచి తీసేస్తుంది, కాకపోతే ఇంకో 30 సెకన్లు ఆగాలి. ఆన్ చేసి ఇంకోసారి తీస్తే పదిహేడులో రెండు మిగిలాయి.