ముందు ప్లగ్గు, తర్వాతే రంగు

డిసెంబరు మొదటి వారం, సాయంత్రం.

అటక మీంచి క్రిస్మస్ లైట్ల పెట్టె దించే రోజు. కొత్తవి కావాలంటే కోఠి ట్రూప్ బజార్‌లో కొట్టుకొట్టుకీ వేలాడుతుంటాయి. అందరి చూపూ రంగు మీదే. అసలు చూడాల్సింది తీగ చివర.

మామూలు టూపిన్ ప్లగ్గు, దాని తర్వాత చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంటే అది నేరుగా 230 వోల్టుల సీరియల్ సెట్టు. ప్లగ్గే ఫోన్ ఛార్జర్‌లా లావుగా ఉండి, మీద అవుట్‌పుట్ 24 వోల్టులనో 31 అనో రాసుంటే అడాప్టర్ సెట్టు. ధర ఎక్కువైనా చెట్టుకు ఇదే మేలు. ప్లాస్టిక్ చెట్టు కొమ్మల్లో ఇనుప తీగ ఉంటుంది. సీరియల్ సెట్టు తొడుగు ఎక్కడ చిట్లినా కొమ్మకు కరెంటొస్తుంది, చుట్టూ తిరిగేదేమో పిల్లలు. సరుగుడు కొమ్మ నిలబెట్టే ఇళ్లలో ఇంకో భయం: ఎండిన ఆకుకి ఒక్క నిప్పురవ్వ చాలు.

ఎంత పొడవు? 4 అడుగుల చెట్టు, అడుగున రెండున్నర అడుగుల వెడల్పు అనుకుందాం. కింది చుట్టు 2.4 మీటర్లు, కొనకొచ్చేసరికి సున్నా, సగటున 1.2. చుట్టుకీ చుట్టుకీ 12 సెంటీమీటర్ల ఎడం ఇస్తే పది చుట్లకు 12 మీటర్లు. కానీ పైపైన చుడితే చెట్టుని తాడేసి కట్టినట్టుంటుంది. తీగని కాండం దాకా తోసి మళ్లీ కొమ్మ కొసకు తేవాలి, దానికి ఇంకో సగం పడుతుంది. అంటే 10 మీటర్ల సెట్లు రెండు. ప్లగ్గు వైపు నుంచే, కింద మొదలుపెట్టాలి. చుట్టకముందే నేలమీద పరిచి వెలిగించి చూసుకోవాలి.

రంగంటారా, వార్మ్ వైట్, అంటే పసుపు ఛాయ తెలుపు. పెట్టె మీద వెలుగు రంగు చెప్పే అంకె 2700 నుంచి 3000 కెల్విన్ ఉండాలి. 6500 అయితే చెట్టు మీద ట్యూబ్‌లైట్ వెలిగినట్టే.

మినుకుమినుకుల సంగతి. డబ్బా మీది బటన్‌కి ఎనిమిది రకాలుంటాయి, నిలకడగా వెలిగేది సాధారణంగా ఎనిమిదోది. చవక సెట్లకు గుర్తుండదు. కరెంటు పోయొచ్చిన ప్రతిసారీ మొదటి రకానికే వెళ్తుంది, మళ్లీ ఏడుసార్లు నొక్కాలి. మెమరీ ఉన్నది అడిగి కొనండి.

బయటికి మాత్రం నీళ్లనీ దుమ్మునీ ఎంత ఆపుతుందో చెప్పే ఐపీ అంకె 44కి తగ్గకూడదు, వాన నేరుగా కొట్టే చోట ఐపీ65. కోస్తాలో డిసెంబరు తుపాను కొత్తేం కాదు, 2023లో మిచాంగ్ డిసెంబరు 5న బాపట్ల దగ్గరే తీరం దాటింది. వాన లేకపోయినా రాత్రి మంచుకే ఎల్ఈడీ కాళ్లు, అంటే తీగకు అతికించిన సన్న లోహపు పుల్లలు, తుప్పుపడతాయి. సెట్టులో సగమే ఆరిపోతే ఆ వరసలో ఏదో కాలు తెగినట్టు. మొత్తం ఆరిపోతే ముందు ప్లగ్గూ డబ్బా చూడాలి. చెడ్డ లైటు కత్తిరించి తీగలు కలిపేస్తారు. ఒకటి రెండయితే ఫరవాలేదు, అలా తీసేకొద్దీ మిగతావాటి మీద వోల్టేజి పెరిగి అవీ త్వరగా పోతాయి.

ఖర్చుకి భయపడక్కర్లేదు: 5 వాట్ల సెట్టు రోజుకి ఆరు గంటల చొప్పున నెలంతా వెలిగినా యూనిట్ కూడా కాలదు.

ఇక వాకిట్లో కాగితం స్టార్. లోపల 5 వాట్ల ఎల్ఈడీ బల్బు చాలు. పాత 60 వాట్ల బల్బు పెడితే వేడికి కాగితం మాడుతుంది. బల్బు మధ్యలోనే వేలాడాలి, హోల్డర్ వైరుకి స్టార్ బరువు పడకుండా విడిగా దారం కట్టాలి. ఆ వైరు గోడలోకి వెళ్లేముందు కిందికి కాస్త వంపు తిరిగితే నీళ్లు స్విచ్‌బోర్డు దాకా పోకుండా అక్కడే కారిపోతాయి.