పదో పన

ఇంగ్లండులో ఇల్లు కొనేటప్పుడు సొలిసిటరు పంపే ఖర్చుల చిట్టాలో డ్రైనేజీ సెర్చి, కౌన్సిల్ సెర్చిల కింద ‘చాన్సల్ సెర్చి’ అని ఒక గీత ఉంటుంది. మొత్తం చిన్నదే కాబట్టి అదేమిటని అడక్కుండా చాలామంది కట్టేస్తారు. చాన్సల్ అంటే చర్చిలో తూర్పు కొస, బలిపీఠం ఉండే భాగం. ఆ భాగం కప్పు కారితే బాగుచేయించే బాధ్యత ఇప్పటికీ కొన్ని భూముల మెడకు చుట్టుకుని ఉంది. మీరు కొనబోయే ఇల్లు అలాంటి నేల మీద లేచిందా అని చూడడమే ఆ సెర్చి.

నవ్వులాటగా తీసుకోవడానికి లేదు. వార్విక్‌షైర్‌లో ఆస్టన్ కాంట్లో అనే ఊళ్లో ఒక దంపతులకు పొలంతో పాటు ఈ బాధ్యత కూడా సంక్రమించింది. 2003లో, అప్పట్లో ఆఖరి కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లి ఓడిపోయారు, చివరికి తేలిన బిల్లు 1,86,000 పౌండ్లు దాటింది. ఆ తర్వాత నిబంధన మారింది. 2013 అక్టోబరు 13 దాటాక ఇల్లు డబ్బుకు చేతులు మారి, అప్పటికి భూమి రిజిస్టరులో చర్చి నోటీసు లేకపోతే కొన్నవాళ్లకు మామూలుగా ఆ బాధ్యత అంటదు. వారసత్వంగానో బహుమతిగానో వచ్చినవి ఈ లెక్కలోకి రావు. అనుమానం ఉంటే కొన్ని పదుల పౌండ్లకే బీమా దొరుకుతుంది. మనవాళ్లు చేసే తప్పు ఒకటే: ముందే చర్చికి ఫోన్ చేసి ‘మా ఇంటికి ఇది వర్తిస్తుందా’ అని అడగడం. నిద్రపోతున్నవాణ్ని లేపావు కాబట్టి ఆ బీమా ఇవ్వం అనేస్తారు కంపెనీలవాళ్లు.

ఈ చిక్కంతా పల్లె పాదిరి జీతం దగ్గర పుట్టింది. ఆయనను ప్రభుత్వమూ పోషించలేదు, హుండీ కూడా పోషించలేదు. ఊరి పంటలో పదో వంతు, అంటే దశాంశం, ఆయనది. మన చర్చిల్లో దశమ భాగం ఇష్టపడి ఇచ్చే కానుక. ఇంగ్లండు పల్లెలో అది శిస్తు లాంటిది. చర్చికి వెళ్లినా మానినా, బాప్టిస్టో క్వేకరో లాంటి వేరే శాఖవాడైనా, ఇవ్వాల్సిందే. దానికి తోడు గ్లీబ్ అని కొంత భూమి. గ్లీబ్ అంటే అచ్చంగా మన గుడి మాన్యం: సొంతంగా దున్నుకోవచ్చు, కౌలుకివ్వచ్చు, అమ్ముకోవడానికి మాత్రం లేదు.

రెక్టర్, వికార్ అన్న రెండు పేర్ల తేడా కూడా ఇక్కడిదే. ధాన్యం, గడ్డి, కలప మీద వచ్చే పెద్ద దశాంశం రెక్టర్‌ది. మధ్యయుగంలో మఠాలు ఎన్నో ఊళ్ల రెక్టర్ హక్కులను తమ పేర రాయించుకుని, పూజకు ఒక బదులు మనిషిని పెట్టాయి. ఆ బదులు మనిషే వికార్. ఆయనకు మిగిలింది గొర్రెపిల్లలు, ఉన్ని, పాలు, గుడ్లు, తేనె, పళ్లు. ఎనిమిదో హెన్రీ 1536–40 మధ్య మఠాలను రద్దు చేశాక ఆ పెద్ద దశాంశం హక్కులు భూస్వాములకూ కాలేజీలకూ వెళ్లాయి. చాన్సల్ మరమ్మతు రెక్టర్ వంతు, జనం కూర్చునే నేవ్ మరమ్మతు ఊరి వంతు అన్నది పాత కట్టుబాటు. హక్కుతో పాటు బరువూ భూమి వెంట నడిచింది.

వసూలు ఎలా జరిగేదో చూస్తే ఆ కొలువు ఎంత ఇరకాటమో తెలుస్తుంది. కోత కాగానే రైతు పనలు కట్టి, ప్రతి పదో పన మీద ఒక ఆకుల కొమ్మ గుచ్చి, పాదిరికి కబురు పెట్టాలి. పాదిరి మనిషి వచ్చి లెక్క చూసుకునే వీలు లేకుండా మిగతా తొమ్మిదీ ఇంటికి తోలుకుపోతే కోర్టు గొడవ. ఈలోగా మబ్బు పట్టిందంటే ఇద్దరి గుండెల్లోనూ రాయి. పాలైతే పదో రోజు పితికినవన్నీ పాదిరివి. గొర్రెపిల్లలు సరిగ్గా పదేసి పుట్టవు కాబట్టి చాలా ఊళ్లలో ఒక వాడుక ఉండేది. ఏడు పుడితే ఒకటి పాదిరిది, పదికి తక్కువైన మూడింటికీ తలా అర పెన్నీ చొప్పున ఆయనే రైతుకు తిరిగి ఇవ్వాలి. ఆరు, అంతకు లోపైతే పిల్లకు అర పెన్నీ చొప్పున రైతే చెల్లించి వదిలించుకునేవాడు. పగబట్టిన రైతు పది టర్నిప్ దుంపలు పీకి, ఒకటి పక్కన పెట్టి, ‘అయ్యా, బండి పంపండి’ అనేవాడని చెప్పుకునేవారు. ఆదివారం ప్రసంగం వినాల్సినవాడూ, సోమవారం బాకీ తీర్చాల్సినవాడూ ఒకడే మరి.

ఈ తంటా పడలేక చాలామంది ఏడాదికింత అని నగదుకు ఒప్పుకున్నారు. కొన్నిచోట్ల ఆ నగదు కట్టుబాటై గడ్డకట్టుకుపోయింది. తోటకు ఒక పెన్నీ అని ఎప్పుడో ముత్తాతల నాడు రాసుకుంటే, ధరలు ఎన్ని రెట్లు పెరిగినా అదే పెన్నీ. పక్కపక్క ఊళ్లలో ఒక పాదిరి గుర్రబ్బండిలో తిరగడం, ఇంకొకాయన బూట్లకు అతుకులేయించుకోవడం అందుకే. నార్‌ఫోక్‌లో వెస్టన్ లాంగ్‌విల్ రెక్టర్‌గా 1776లో కాపురం వచ్చి 1803లో పోయేదాకా ఉన్న జేమ్స్ వుడ్‌ఫర్డ్ మొదటి రకం. ఏడాదికి దాదాపు 400 పౌండ్ల రాబడి. డిసెంబరు మొదట్లో రైతులందరినీ ఇంటికి పిలిచి, ఉడికించిన మటన్ కాళ్లు, గొడ్డుమాంసం రోస్టు, ప్లమ్ పుడ్డింగులు, పంచ్ పెట్టి, ఆ విందు దగ్గరే దశాంశం సొమ్ము పుచ్చుకునేవాడు. కడుపు నిండినవాడు బేరమాడడు. అదే మనిషి అర్ధరాత్రి దొంగసరుకు టీ కొన్న సంగతి, పౌండు బరువు పదిన్నర షిల్లింగులని ధరతో సహా, దినచర్యలో దాపరికం లేకుండా రాసుకున్నాడు.

ఈ కొలువును ఇంగ్లీషులో ‘లివింగ్’ అంటారు. మన ‘జీతం’ కూడా ‘జీవితం’ అరిగి తయారైన మాటే కదా. లివింగ్ ఎవరికివ్వాలో చెప్పే హక్కు ఊరి దొరదో, ఆక్స్‌ఫర్డ్ కాలేజీదో, బిషప్పుదో. ఆ హక్కును బజార్లో అమ్ముకునేవారు. ప్రస్తుత పాదిరి ఎంత ముసలివాడైతే అంత ధర. ఒకసారి నియమించాక ఆయనను కదపడం దాదాపు కుదరదు. అందుకే రెండు మూడు ఊళ్ల లివింగులు పోగేసుకుని, ఏడాదికి 30, 50 పౌండ్లకు ఒక క్యూరేటును, అంటే కూలికి పూజలు చేసే చిన్న పాదిరిని పెట్టి, తాము వేరేచోట కాపురముండే ఘనులు తయారయ్యారు. మన ఊళ్లలో బినామీ టీచరు కథే. 1838 చట్టం వచ్చాకే ఈ ఆటకు గట్టిగా పగ్గం పడింది.

తీరిక దొరికినవాళ్లు అందరూ వేటకుక్కల వెంట తిరగలేదు. హాంప్‌షైర్‌లో సెల్బోర్న్ అనే ఊళ్లో క్యూరేటుగా చేసిన పక్షుల శాస్త్రజ్ఞుడు గిల్బర్ట్ వైట్ చూడ్డానికి ఒకేలా ఉండే మూడు చిన్న పిట్టలను కూతను బట్టి వేరుచేసి చెప్పాడు. ఊరి పేరుతోనే లోకానికి తెలిసిన ఆయన ఆ ఊరికి వికార్ ఏనాడూ కాలేదు, ఎందుకంటే ఆ లివింగ్ మాగ్డలెన్ కాలేజీది, ఆయన ఓరియల్ కాలేజీ మనిషి. చేమగ్గాల కాలంలో మరమగ్గానికి 1785లో పేటెంటు తీసుకున్న ఎడ్మండ్ కార్ట్‌రైట్ లెస్టర్‌షైర్‌లో రెక్టర్. మచిలీపట్నంలో 1843లో బడి పెట్టిన రాబర్ట్ నోబుల్ కూడా లెస్టర్‌షైర్ పల్లె పాదిరి ఇంట పెరిగినవాడే.

1836లో పదో పనకు కాలం చెల్లింది. ఊరూరా కొలిచి, పటాలు గీసి, ప్రతి పొలం ముక్కకూ దశాంశానికి బదులుగా ఏడాదికి ఇంతని నగదు అద్దె నిర్ణయించారు. గోధుమ, బార్లీ, ఓట్స్ ధాన్యాల ఏడేళ్ల సగటు ధరను బట్టి ఆ అద్దె ఏటా మారేది. బాగానే ఉంది, అమెరికా గోధుమ ఓడల్లో దిగేవరకు. 1901 నాటికి వంద పౌండ్ల చోట 67 వచ్చాయి. పెద్ద ఇల్లు, పదిమంది పిల్లలు, కారే కప్పు అలాగే ఉన్నాయి. 1936లో ఆ అద్దెను కూడా రద్దు చేశారు. 1978లో గ్లీబ్ భూములు ఊరి పాదిరి చేతి నుంచి డయోసిస్ (బిషప్పు కింది ప్రాంతం) బోర్డుకు పోయాయి. పాత ఇళ్లు అమ్ముడుపోయాయి. పల్లెల్లో ‘ది ఓల్డ్ రెక్టరీ’ అని బోర్డున్న బంగళాలో ఇప్పుడు ఏ లండన్ బ్యాంకరో ఉంటాడు. వికార్ కొంచెం అవతల మామూలు ఇంట్లో ఉండి, నెల జీతం మీద ఐదారు ఊళ్లకు కారులో తిరుగుతారు.

అయినా ఆయన లేదా ఆమె సంతకం మనవాళ్లకు ఇప్పటికీ పనికొస్తుంది, ముఖ్యంగా పిల్లల బడి దగ్గర. ఇంగ్లండు ప్రైమరీ స్కూళ్లలో నాలుగో వంతు చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌వి. వాటిలో కొన్ని, సీట్లకు పోటీ ఉంటే, ఆరాధనకు వచ్చే కుటుంబాలకు ముందు చోటిస్తాయి. దానికి వేరే ఫారం ఉంటుంది. జనవరి 15 లోగా కౌన్సిల్ దరఖాస్తు ఒక్కటే పంపి, ఈ ఫారం స్కూలుకు పంపడం మరిచిపోయి సీటు పోగొట్టుకునేవాళ్లు ఏటా ఉంటారు. నెలకు ఎన్నిసార్లు, ఎన్నాళ్లు అన్నది ఒక్కో స్కూలుకు ఒక్కో తీరు, అది ముందే చదువుకోవాలి. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) సభ్యులు ఆంగ్లికన్, అంటే చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ కుటుంబంలోవాళ్లే. వేరే తెలుగు ఫెలోషిప్‌లకు వెళ్లేవాళ్లు మాత్రం తమ పాస్టరు గారి ఉత్తరం చెల్లుతుందో లేదో స్కూలు నియమావళిలో చూసుకోవాలి. వికార్ బదిలీ అయి కొత్తవారు రాకపోతే చర్చివార్డెన్ (చర్చి వ్యవహారాలు చూసే సంఘ పెద్ద) సంతకం చేస్తారు. ఆరాధనకు వచ్చినప్పుడల్లా హాజరు పుస్తకంలో పేరు రాయకపోతే ఆ వార్డెన్ దేన్ని చూసి సంతకం పెట్టాలి?