అమ్మ మొక్కుబడి, ఒంగోలు ప్రార్థన కొండ

అమ్మ మొక్కుబడి ఈ జనవరి ఒకటిన తీరింది. దేవునికి స్తోత్రం. కావలిలో డిసెంబరు 31 రాత్రి చర్చిలో జరిగే వాచ్ నైట్ ఆరాధన అవగానే బయల్దేరి, చీకటి ఉండగానే ఒంగోలు ప్రార్థన కొండ కిందికి చేరాం.

నాన్న ఐసీయూలో స్పృహ లేకుండా ఉన్నప్పుడు అమ్మ మొక్కుకుంది. "ప్రభువా, ఈయన ఒక్కసారి కళ్లు తెరిచి నీ పేరు పలికితే చాలు, కొత్త సంవత్సరం నాడు నీ కొండకొస్తా" అని. నాన్న కళ్లు తెరిచాడు. జీవితంలో గుడి గడప తొక్కని మనిషి, "యేసయ్యా, నన్ను క్షమించు" అని మా ఎదుటే అన్నాడు. బాప్తిస్మం ఇప్పించేలోపే వెళ్లిపోయాడు.

భూస్థాపన నాడు వాక్యం చెప్పడానికి వచ్చిన ఒక బోధకుడు బైబిల్లోని ధనవంతుడు, లాజరు కథ ఎత్తుకున్నాడు. చనిపోయాక సుఖపడేవాళ్లకీ యాతనపడేవాళ్లకీ మధ్య ఉండే, ఇటువాళ్లు అటు దాటలేని మహా అగాధం గురించి చెప్పి, బాప్తిస్మం లేకుండా పోయినవాళ్లు ఏ పక్కన ఉంటారో మీరే ఆలోచించుకోండి అన్నాడు. ఆ రోజు నుంచి అమ్మకి నిద్ర లేదు. నరకం ఉందనీ, సాతాను ఉన్నాడనీ నేనూ నమ్ముతాను. కానీ ఆ నిత్యాగ్నిని అపవాదికీ, అంటే ఆ సాతానుకీ, వాడి దూతలకీ సిద్ధపరిచారని మత్తయి 25లో ప్రభువే చెప్పాడు. శవం పక్కన ఏడుస్తున్న మనిషికి దాన్ని చూపించి భయపెట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

1854 జనవరి 1న తెల్లవారకముందే అమెరికన్ మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన దొరసాని, నర్సు అనే స్థానిక క్రైస్తవుడు, జూలియా, రూతు మోకరించిన కొండ ఇది. ఆ ఐదుగురు ప్రార్థించిన చోట ఇప్పుడు మోకాలు మోపడానికి జాగా లేదు. ఒక మైకులో పాట, ఇంకో మైకులో ప్రసంగం, ఏదీ వినపడదు. దారికి అడ్డంగా నిలబడి ఫోటోలు దిగేవాళ్లు, వెనక నుంచి తోసేవాళ్లు. ప్రార్థనకొచ్చి ఇదేం తోపులాట? అమ్మకి మోకాళ్ల నొప్పులు. సగం దారిలోనే కూలబడింది. అందరూ పక్కనుంచి దాటిపోతుంటే నాకు ఏడుపొచ్చింది.

"వందనాలమ్మా" అంటూ ఒక ముసలావిడ మా పక్కనే చతికిలబడింది. మద్దిపాడు దగ్గర పల్లెటూరట. సంచిలోంచి ఫ్లాస్కు తీసి అమ్మకి టీ పోసింది, అడక్కుండానే కాళ్లు ఒత్తసాగింది. ఆ చేతుల చలవో ఏమో, ఎవరికీ చెప్పని బాధంతా అమ్మ ఆమెకి చెప్పేసింది.

ఆమె అంతా విని, "అమ్మాయ్, ధాత కరువు గురించి విన్నావా?" అంది.

1876–78 నాటి ఆ పెద్ద కరువు మా పక్క క్రైస్తవులకు తెలిసిన చరిత్రే. ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కాంట్రాక్టు పట్టి ఆకలితో ఉన్నవాళ్లకి పని ఇచ్చాడు. కూటి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకె నాకు చిన్నప్పుడే నోటికొచ్చు.

"ఆ రోజు నీళ్లలో దిగినోళ్లలో మా ముత్తాత ఉన్నాడు. ఆయన మొదటి పెళ్లాం ఆయనకంటే ముందే నమ్ముకుంది. బాప్తిస్మం ఎప్పుడిస్తారా అని ఎదురుచూస్తానే కాలవ కాడ కలరా తగిలి పోయింది. మొగుణ్ణి లోపలికి పిలిచి, ఆమెను ప్రభువు వాకిట్లోనే నిలబెట్టుంటాడా? సిలువ మీద దొంగకి ఎవరిచ్చారమ్మా బాప్తిస్మం? నేడే నాతో పరదైసులో ఉంటావన్నాడు గదా!"

ఎదురుచూస్తూ పోయినవాళ్లు ఎందరో ఉండుంటారని నాకెప్పుడూ తట్టలేదు. అమ్మ ఆమె చేతులు పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత ఆమె భుజం ఆసరాతోనే లేచి పైకి ఎక్కింది.

పైన తెల్లారుతుంటే అమ్మ గొంతెత్తి ప్రార్థన చేసింది. ఇన్నాళ్లూ "ఆయన్ని క్షమించు ప్రభువా" అని బతిమాలుకునేది. ఆ పొద్దు మాత్రం "నా మొర విన్నావు, ఆయన నీ పేరు పలికాడు, నీకు స్తోత్రం" అంది. ఆ మైకుల హోరులో కూడా నాకు ప్రతి మాటా వినిపించింది. దిగేటప్పుడు జనంలో ఆ ముసలావిడ తప్పిపోయింది, పేరైనా అడగలేదు.

నాన్న సమాధి రాయి మీద ఇంతవరకూ పేరూ తేదీలే ఉన్నాయి. "ప్రభువునందు నిద్రించెను" అని రాయించడానికి అమ్మకి ధైర్యం చాలలేదు. కావలి చేరగానే రాళ్లు చెక్కే ఆయనకి తనే ఫోన్ చేసింది. ఆదివారం వచ్చి చెక్కుతానన్నాడు.