ఆరు పగ్గాల లోతు

నమీబియా రాజధాని విండ్‌హోక్‌లో అద్దె బండి తాళాలు చేతికి రాగానే అక్క మొదట అడిగింది నీళ్ల సంగతే. "ఎన్ని క్యాన్లు పెట్టుకున్నావురా?" ఐదు లీటర్లవి రెండు అన్నాను. ఆమె మారుమాట్లాడకుండా ఎదురుగా ఉన్న సూపర్‌మార్కెట్‌లోకి పోయి, ఇంకో ఆరు క్యాన్లు ట్రాలీలో వేసి తోసుకొచ్చింది. అనంతపురం జిల్లా పల్లెల్లో ముప్పై ఏళ్లకు పైగా టీచర్‌గా చేసి రిటైరైన మనిషి. నీళ్ల విషయంలో ఆమె మాటకు నేను ఎదురు చెప్పను.

నేను జోహానెస్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. అక్క నా దగ్గరికి రావడం ఇదే మొదలు. ఏం చూస్తావంటే "ఎడారి చూపించు" అంది. అందుకే పోయిన సెప్టెంబరులో నమీబియా పెట్టుకున్నాం. ఎనిమిది రోజులు, దాదాపు 2,000 కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపితే ఎంతో, దానికి మూడింతల దేశం అది. 2023 జనాభా లెక్కల ప్రకారం ఉన్నది 30 లక్షల మంది.

మొదటి రాత్రి హోటల్లో కుళాయి నీళ్లు పట్టుకొచ్చి అక్కకు ఒక సంగతి చెప్పాను. విండ్‌హోక్‌లో 1968 నుంచి మురుగునీటిని శుద్ధి చేసి తాగునీటిలో కలుపుతున్నారు. ప్రపంచంలో ముందుగా ఆ పని చేసిన నగరం ఇదే. అక్క గ్లాసును లైటు కింద పట్టి చూసింది, తాగింది. "ఉప్పగా లేవు, వాసన లేదు. లేనోళ్లకే తెలుస్తుందిరా దాని విలువ" అని మిగిలినవి కూడా తాగేసింది.

రెహోబోత్ దాటాక తారు అయిపోయింది. ఇక కంకర రోడ్డే. ఎడమవైపు నడపడం అలవాటే కాబట్టి ఆ టెన్షన్ లేదు గానీ, ఆ రోడ్డు మీద అలలు అలలుగా గట్లు ఉంటాయి. కాస్త వేగం పెంచితే వెనక చక్రాలు పక్కకు జారుతాయి. కనుచూపు మేర పసుపు గడ్డి, దూరంగా నీలం కొండలు. గంటకు ఒక బండి ఎదురైతే ఎక్కువ. ఎదురైన ప్రతివాళ్లూ స్టీరింగ్ మీద నుంచి చెయ్యెత్తి పలకరిస్తారు. మూడో బండి నుంచి అక్క కూడా చెయ్యెత్తడం మొదలుపెట్టింది.

సోలిటేర్ దాటి అరగంట గడిచిందో లేదో, వెనక కుడి టైరు పోయింది. జాకీ కింద ఆనుకోవడానికి గట్టి నేల లేదు, కంకరలో దిగబడిపోతోంది. అక్క రోడ్డు పక్కన వెతికి ఒక పలకరాయి తెచ్చింది. ఐదు నట్లు వచ్చాయి, ఆరోది కదల్లేదు. అప్పుడొక పాత బక్కీ వచ్చి ఆగింది, అక్కడ పికప్ బండిని అలాగే అంటారు. అందులోంచి ఒక ముసలాయన, పదేళ్ల మనవరాలు దిగారు. ఆయన టైరు వైపు చూడనేలేదు. "నీళ్లున్నాయా మీ దగ్గర?" అన్నదే ఆయన మొదటి మాట. ఉన్నాయని అక్క వెనక తలుపు తీసి క్యాన్లు చూపించింది. ఆయన తల ఊపి, అప్పుడు వంగి స్పానర్ అందుకున్నాడు. స్టెప్నీ బిగించాక అక్క ఆ పిల్లకు చెనక్కాయల ఉండ ఇచ్చింది. వాళ్ల బండి రేపిన దుమ్ము అణిగేదాకా రోడ్డు మీదే నిలబడి చూసింది.

సెస్రీమ్ చేరేసరికి పొద్దు వాలుతోంది. పక్కనే సన్నటి లోయ ఉంది, కిలోమీటరు పొడవు, దాదాపు 30 మీటర్ల లోతు. త్సౌచాబ్ నది లక్షల ఏళ్లుగా కోసుకుంటూ పోయిన దారి అది. నది పారేది ఎప్పుడో వాన పడ్డప్పుడే, లోయ అడుగున నీడ పట్టున మాత్రం ఒక గుంటలో నీళ్లు నిలుస్తాయి. వెనకటి రోజుల్లో ఎడ్లబండ్లతో ఇటు వచ్చినవాళ్లు, ఎడ్లను కట్టే తోలు పగ్గాలు ఆరు ఒకదానికొకటి ముడేసి, బొక్కెన దించి ఆ నీళ్లు చేదుకున్నారట. ఆఫ్రికాన్స్ భాషలో సెస్ అంటే ఆరు, రీమ్ అంటే తోలు పగ్గం. ఊరి పేరు అదే అయింది.

ఇది చెప్పగానే అక్క లోయ అంచున కూర్చుండిపోయింది. "అవ్వ కూడా ఇంతే కదరా" అంది.

నాకు లీలగా గుర్తు, అక్కకు బాగా గుర్తు. కరువు ఏడు మా ఇంటి వెనక బావిలో నీళ్లు అడుక్కు పోయాయి. చేంతాడు చాలక అవ్వ దానికి కపిల తాడు ముక్క కట్టింది, అదీ చాలక ఎనుము పలుపు కట్టింది. ముడి గిలక దగ్గరకు వచ్చిన ప్రతిసారీ తగులుకుని ఆగిపోయేది. అవ్వ ఒక చేత్తో తాడు బిగబట్టి, రెండో చేత్తో ముడిని ఎత్తి గిలక దాటించేది. రెండు ముళ్లు, దించేటప్పుడు రెండుసార్లు, తోడేటప్పుడు రెండుసార్లు. బొక్కెన పైకి వచ్చేసరికి సగం నీళ్లు, సగం బురద. అక్క ఇదంతా చేతులతో చేసి చూపించింది. "ఇక్కడ ఐదు ముళ్లు" అంది లోయలోకి చూస్తూ. "గిలక కూడా లేదు."

మరునాడు తెల్లవారకముందే బయల్దేరి ఇసుక దిబ్బల్లోకి వెళ్లాం. ఫొటోల్లో చూసినవే గానీ, ఆ ఎరుపును ఏ ఫొటో పట్టుకోలేదు. ఇసుక రేణువుల మీద ఇనుము తుప్పు పట్టి వచ్చిన రంగు అది. డెడ్‌వ్లై అనే చోట తెల్లటి మట్టి మైదానంలో తుమ్మ జాతి చెట్లు ఎండి నల్లబడి నిలబడి ఉన్నాయి. ఒకప్పుడు త్సౌచాబ్ వరద అక్కడిదాకా వచ్చేది. దిబ్బలు జరిగి దారికి అడ్డం పడ్డాయి, చెట్లు చచ్చిపోయాయి. అది జరిగి ఆరు వందల ఏళ్లకు పైనే అయింది. కుళ్లడానికి కూడా తేమ కావాలి, అక్కడ అది లేదు. అందుకే ఇంకా నిలబడే ఉన్నాయి. వాటిని ముట్టుకోకూడదు. అక్క దగ్గరగా వెళ్లి, చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూసింది.

సముద్రం ఒడ్డున స్వాకోప్‌ముండ్‌లో రెండు రోజులున్నాం. జర్మన్లు కట్టిన పాత ఇళ్లు, పొద్దున్నే కమ్ముకునే పొగమంచు. అందమైన ఊరే, కానీ నాకు గుర్తుండిపోయింది శ్మశానం. ఒకవైపు పాలరాయి సమాధులు, పూలకుండీలు. గోడ పక్కగా ఇసుకలో పేర్లు లేని చిన్న చిన్న దిబ్బలు, ఎంత దూరమో. ఈ నేలకు చెందిన హెరెరో, నామా తెగల జనం ఆ దిబ్బల కిందున్నారు. ఈ దేశం జర్మన్ల వలసగా ఉన్న రోజులవి. 1904 ఆగస్టులో వాటర్‌బెర్గ్ పోరు తర్వాత జర్మన్ సైన్యం హెరెరోలను ఒమహెకె ఎడారిలోకి తరిమింది. నీటి చెలమల దగ్గర కాపలా పెట్టి వెనక్కి రానివ్వలేదు. ఆడవాళ్లు, పిల్లలు, పశువులు దాహంతోనే పోయారు. బతికినవాళ్లను క్యాంపుల్లో పెట్టి చాకిరీ చేయించారు, అందులో ఒక క్యాంపు ఈ ఊళ్లోనే ఉండేది. నామాలకూ అదే గతి పట్టింది. 1908 వరకు సాగిన ఈ దారుణాన్ని జాతిహననమని జర్మనీ ప్రభుత్వం ఒప్పుకున్నది 2021లో.

నేను చెబుతుంటే అక్క ఏమీ అడగలేదు. చెప్పులు విడిచి, సీసా మూత తీసి, ఒక దిబ్బ పక్కన కొంచెం నీళ్లు పోసింది. తిరిగి బండి ఎక్కాక కూడా ఆ పూట మాట్లాడలేదు.

చివరి మజిలీ ఎతోషా అభయారణ్యం. పగలంతా తెల్లటి ఉప్పునేల అంచున జీబ్రాలు, జిరాఫీలు, ఓరిక్స్ జింకల మందలు చూశాం. రాత్రి ఒకౌకుయో క్యాంపులో ఉగ్గాని చేసుకున్నాం. బొరుగులు నానబెట్టి పిండిన నీళ్లను అక్క పారబొయ్యలేదు, గిన్నె కడగడానికి దాచింది. తిని, దుప్పట్లు కప్పుకుని క్యాంపు అంచున ఉన్న నీటిగుంట దగ్గర కూర్చున్నాం. అక్కడ రాత్రంతా దీపాలుంటాయి, మధ్యలో పొట్టి రాతిగోడ. పదుల మంది ఉన్నా ఎవరూ గొంతు ఎత్తరు.

పదిన్నరకు ఏనుగులు వచ్చాయి. ఏడు. గుంట చుట్టూ నిలబడి తాగుతూనే ఉన్నాయి. ఆ నీళ్ల చప్పుడు మా దాకా వినబడుతోంది. కాసేపటికి అవతలి చీకట్లోంచి ఒక తల్లి ఖడ్గమృగం, దాని పిల్ల వచ్చి దూరంగా ఆగిపోయాయి. పిల్ల రెండు అడుగులు ముందుకు వేసింది. ఒక ఏనుగు చెవులు విప్పి అటు తిరగ్గానే వెనక్కి పోయి తల్లిని ఆనుకుంది. అలా గంట దాటింది. చలికి నా పళ్లు కొట్టుకుంటున్నాయి, పోదామా అన్నాను. "ఆ బిడ్డ తాగలేదు కదరా" అంది అక్క.

ఏనుగులు ఒక్కొక్కటే కదిలాయి. చివరిది చీకట్లో కలిసిపోయాక కూడా తల్లి కాసేపు ఆగింది. తర్వాత రెండూ నెమ్మదిగా నీళ్ల దగ్గరికి వచ్చాయి. పిల్ల మూతి నీళ్లలో పెట్టింది. అక్క దుప్పటి కింద నా చెయ్యి పట్టుకుంది.