మూస్ జా: సంగతంతా నేల కిందే

కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్ర రాజధాని రిజైనా నుంచి ఒకటో నంబరు హైవే మీద పడమరకి 70 కిలోమీటర్లు వెళ్తే మూస్ జా వస్తుంది. ఈ దారిలో 110 దాకా వెళ్లొచ్చు, రానుపోను రోడ్లు వేరువేరుగా ఉంటాయి, కాబట్టి ముప్పావుగంట చాలు. (స్పెల్లింగ్ చూసి మనవాళ్లు రెజీనా అంటారు గానీ అక్కడివాళ్లు పలికేది రిజైనా.) 2021 లెక్కల ప్రకారం రిజైనా జనాభా 2,26,404, మూస్ జా జనాభా 33,665. కాల్గరీకి కారులో వెళ్లే వాళ్లు ఇక్కడ మూస్ అనే పెద్ద దుప్పి బొమ్మ దగ్గర ఫోటో దిగి, పెట్రోలు పోయించుకుని, పది నిమిషాల్లో దాటేస్తారు. మేము జూన్‌లో ఒకసారి, జనవరిలో ఒకసారి, రెండుసార్లు రాత్రి బస చేసి చూశాం. ఒక రాత్రి ఉండకపోతే ఈ ఊరు అర్థం కాదు. ఇక్కడ చూడాల్సినవి చాలావరకు నేల కింద ఉన్నాయి, లేదా నేల కింద నుంచి వచ్చినవి.

ఆ సంగతి దారిలోనే మొదలవుతుంది. ఊరికి ముందే బెల్ ప్లెయిన్ దగ్గర, హైవేకి కుడివైపు దూరంగా ఆవిరి కక్కే ఫ్యాక్టరీ ఒకటి కనిపిస్తుంది. అది పొటాష్ గని. 1964లో మొదలైంది. మనుషులు లోపలికి దిగి తవ్వే గని కాదిది. దాదాపు 1,600 మీటర్ల లోతుకి వేడినీళ్లు పంపి, ఉప్పుని కరిగించి, ఆ ద్రావణాన్ని పైకి తోడి ఆరబెడతారు. మన దేశంలో పొటాష్ గనులు లేవు, దాదాపు అంతా దిగుమతే, అందులో కెనడా వాటా కూడా ఉంది. తెలుగు నేల మీద వరికీ మిరపకీ వేసే పొటాష్ బస్తా ఇలాంటి గని నుంచి వచ్చినదే అయి ఉండొచ్చు. హైవేకి రెండు పక్కలా పరుచుకున్న చేలలో గోధుమ, ఆవాల జాతి కనోలాతో పాటు మైసూరు పప్పు, బఠాణీ కూడా పండుతాయి. జూలైలో కనోలా పూతకొస్తే పసుపు తప్ప ఇంకో రంగు కనబడదు.

హైవే నుంచి ఊళ్లోకి తిరిగేచోట నిలబడి ఉన్నది మ్యాక్ అనే మూస్. దుప్పి జాతిలో అన్నిటికంటే పెద్ద జంతువు మూస్. ఈ బొమ్మని 1984లో డాన్ ఫౌల్డ్స్ చేశాడు. ఇనుప చట్రం మీద జాలీ చుట్టి సిమెంటు పూశారు. అప్పుడు దీని ఎత్తు 9.8 మీటర్లు. 2015లో నార్వేవాళ్లు 30 సెంటీమీటర్లు ఎక్కువ ఎత్తులో తళతళలాడే స్టీలు మూస్‌ని నిలబెట్టారు. మూస్ జా ఊరుకోలేదు. 2019లో మ్యాక్‌కి కొత్త కొమ్ములు పెట్టి 10.36 మీటర్లకి లేపింది. ఫోటో తీయాలంటే వెనక్కి బాగా నడవాలి. దగ్గర నిలబడితే ఫ్రేములోకి కాళ్లే వస్తాయి. పక్కనే టూరిస్టు ఆఫీసు ఉంది, ఊరి మ్యాపు అక్కడే తీసుకోండి.

మ్యాపు ఎందుకంటే, ఇక్కడి అడ్రసులు కొత్తవాళ్లని తికమక పెడతాయి. అవెన్యూలకి నంబర్లు, వీధులకి పేర్లు. మెయిన్ స్ట్రీట్‌కి తూర్పున ఒక ఫస్ట్ అవెన్యూ, పడమట ఇంకో ఫస్ట్ అవెన్యూ. చివర్లో ఎన్‌ఈ, ఎన్‌డబ్ల్యూ అన్న అక్షరాలు వదిలేసి జీపీఎస్‌లో కొడితే తప్పు గుమ్మం ముందు దిగుతారు. ఒకచోట కారు ఆపి నడవడం మేలు. పాత ఊరంతా కాలినడకన పావుగంటలో ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్లిపోవచ్చు.

మెయిన్ స్ట్రీట్ దక్షిణం కొసన గడియారపు గోపురంతో ఉన్నది కెనడియన్ పసిఫిక్ రైల్వే కంపెనీ పాత స్టేషన్. ఊరు పుట్టిందే ఈ రైలు కోసం. 1882లో కంపెనీ ఇక్కడ డివిజన్ కేంద్రం పెట్టింది. 1903కల్లా ఇది నగరమైంది. 1893లో సూ లైన్ అనే రైలు మార్గం రావడంతో ఇక్కడి నుంచి మినియాపొలిస్ మీదుగా షికాగోకి దారి పడింది. 1990 జనవరిలో ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి. తర్వాత కొన్నేళ్లు ఆ భవనంలో మద్యం దుకాణం నడిచింది. గూడ్సు బళ్లు మాత్రం ఇప్పటికీ పోతూనే ఉంటాయి. రాత్రి కూత వినబడితే నిద్ర పట్టనివాళ్లు పట్టాలకి దూరంగా గది తీసుకోవాలి.

ఇక సొరంగాలు. పాత భవనాల నేలమాళిగల మధ్య ఉన్న దారుల్ని 2000లో టూరుగా మార్చారు. ఒక్కో టూరు దాదాపు 50 నిమిషాలు. 'షికాగో కనెక్షన్'లో అమెరికా మద్యనిషేధ కాలపు దొంగసరుకు, షికాగో గ్యాంగ్‌స్టర్ అల్ కపోన్ కథ నటులు ఆడి చూపిస్తారు. కపోన్ నిజంగా ఈ ఊరికి వచ్చాడనడానికి గట్టి ఆధారం లేదు, దాన్ని నాటకంగానే చూడాలి. ఒక్క టికెట్టుకే డబ్బు పెట్టాలనుకుంటే 'పాసేజ్ టు ఫార్చ్యూన్' ఎంచుకోండి. అది చైనా నుంచి వచ్చిన కూలీల కథ. ఇక్కడా నాటకీయత ఉంది గానీ వెనకున్న చరిత్ర నిజం. కెనడాలో అడుగుపెట్టే దాదాపు ప్రతి చైనీయుడి మీదా 1885లో 50 డాలర్ల తలపన్ను వేశారు. 1900లో దాన్ని 100 చేశారు, 1903లో 500. 1923 నుంచి 1947 దాకా దాదాపు తలుపే మూసేశారు. 1912లో సస్కాచెవాన్ రాష్ట్రం తెల్ల స్త్రీలని చైనీయులు పనిలో పెట్టుకోకూడదని చట్టం చేసింది. ఇదే మూస్ జాలో రెస్టారెంటు నడిపిన క్వాంగ్ వింగ్‌కి ఆ చట్టం కింద శిక్ష పడింది. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1914లో కోర్టు చట్టాన్నే సమర్థించింది. వలస వచ్చి బతికే మనబోటివాళ్లు ఈ ఒక్క సంగతి తెలుసుకుని లోపలికి దిగితే ఆ చీకటి గదులు వేరేగా కనిపిస్తాయి. మెట్లు చాలా ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్లేటప్పుడు ముందే అడిగి కనుక్కోండి. వేసవి శనివారాల్లో ముందుగా బుక్ చేసుకోకపోతే మధ్యాహ్నం స్లాట్లు దొరకవు.

రెండు వీధుల అవతల క్రెసెంట్ పార్కు పక్కనే టెంపుల్ గార్డెన్స్ స్పా హోటల్ ఉంది. 1910లో ఇంధనం కోసం బోరు వేస్తే వేడి ఖనిజ జలం పడింది. ఇప్పటి నీళ్లు 4,500 అడుగుల లోతు నుంచి వస్తాయి. 1996లో తెరిచిన ఈ హోటల్ పై అంతస్తులో కొలను సగం లోపల, సగం ఆరుబయట. లోపల దిగి, నీళ్లలోనే బయటికి వెళ్లిపోవచ్చు. జనవరిలో, మైనస్ 25లో, ఇది అనుభవించి తీరాల్సిందే. మెడ దాకా వేడి, నెత్తి మీద మంచు. తడిసిన జుట్టు పుల్లల్లా గడ్డకడుతుంది, అందుకే కొందరు ఊలు టోపీ పెట్టుకునే దిగుతారు. పొరపాటు ఎక్కువగా జరిగేది సమయం విషయంలో. హాయిగా ఉందని గంటసేపు కూర్చుంటే పైకి లేవగానే కళ్లు తిరుగుతాయి. పావుగంట ఉండి, బయటికొచ్చి మంచినీళ్లు తాగి, మళ్లీ దిగండి. బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు ముందుగా డాక్టరుని అడగాలి. వారాంతం సాయంత్రాలు కిక్కిరిసి ఉంటుంది. ఉదయం పూట ప్రశాంతం.

నేల కింద కాపురముండే ఇంకో జీవి బరోయింగ్ ఔల్. జానెడు ఎత్తు గుడ్లగూబ. నక్కలకి భయపడుతూనే, ఇతర జంతువులు తవ్వి వదిలేసిన బొరియల్లో గూడు పెడుతుంది. పచ్చికబయళ్లు చేలైపోవడంతో కెనడాలో అంతరించే దశకి వచ్చింది. ఎగ్జిబిషన్ మైదానంలో వాటికోసం ఒక కేంద్రం ఉంది, వేసవిలో తెరుస్తారు. పిల్లలుంటే తప్పకుండా వెళ్లండి.

కారుంటే ఇంకో సగం పూట గడపొచ్చు. హైవేలు కలిసేచోట వెస్టర్న్ డెవలప్‌మెంట్ మ్యూజియంలో రైళ్లు, పాత కార్లు, విమానాలు ఉన్నాయి. స్నోబర్డ్స్ అనే విమాన విన్యాసాల బృందం మూస్ జాదే కాబట్టి వాళ్లకో గది ప్రత్యేకం. రెండో నంబరు హైవే మీద దక్షిణానికి 13 కిలోమీటర్లు వెళ్తే సుకానెన్ మ్యూజియం. టామ్ సుకానెన్ అనే ఫిన్లాండ్ రైతు, సముద్రం ఊసే లేని ఈ మైదానంలో, 1930ల కరువుకాలంలో, ఇంటికి వెళ్లడానికి ఓడ కట్టాడు. దాన్ని నది దాకా చేర్చలేకపోయాడు. 1943లో చనిపోయాడు. ఆ ఓడ ఇప్పుడు ఆరుబయట నిలబడి ఉంది. ఇదీ వేసవిలోనే.

తిండి విషయానికొస్తే శాకాహారులకి కష్టం, పులిహోరో చపాతీలో వెంట ఉంచుకోవడం మంచిది. సస్కటూన్ బెర్రీ పండ్లు కూరి కాల్చే 'పై' అనే తీపి వంటకం మాత్రం వదలొద్దు. ఆ పండ్లు చూడ్డానికి మన కలివిపండ్లలా ఉంటాయి, రుచిలో కాస్త బాదం వాసన. హోటల్ బిల్లు మీద జీఎస్‌టీ 5, రాష్ట్ర పన్ను 6, మొత్తం 11 శాతం పడుతుంది. ఇంటికి ఫోను చేసేవాళ్లకి ఒక సౌకర్యం: సస్కాచెవాన్‌లో దాదాపు అంతటా వేసవికని గడియారం ముందుకి జరపరు, మనకీ వాళ్లకీ ఏడాది పొడుగునా పదకొండున్నర గంటలే తేడా.

జూన్‌లో వాకమావ్ లోయలో, నది పక్కన నడిస్తే సాయంత్రం దోమలు నిలవనివ్వవు. పొడుగు గడ్డిలో పిడుదులు కూడా పట్టుకుంటాయి, ప్యాంటు సాక్సులోకి దోపుకోండి. చలికాలంలో అసలు ప్రమాదం పడే మంచు కాదు. ఆకాశం తేటగా ఉన్నా గాలికి పొలాల మంచు లేచి రోడ్డుకి అడ్డంగా కొడుతుంది, ముందున్న కారు కనబడదు. బయల్దేరేముందు రాష్ట్ర హైవే హాట్‌లైన్ చూడండి. ట్యాంకు సగానికి తగ్గనివ్వకండి, కారులో దుప్పటి, పార ఉంచండి. రాత్రి బస చేసే చోట ఇంజను హీటర్‌కి ప్లగ్ ఉందో లేదో గది బుక్ చేసేటప్పుడే అడగండి. లేకపోతే పొద్దున మైనస్ 30లో బండి స్టార్టవదు. ప్రభుత్వ బస్సు కంపెనీని 2017 మే నెలాఖరున మూసేశారు, అందుకని కారు లేకుండా రావడం తేలిక కాదు.

రాకపోకల వేళ ఒకటి గమనించండి. సాయంత్రం రిజైనా నుంచి పడమరకి బయల్దేరినా, పొద్దున్నే మూస్ జా నుంచి తూర్పుకి తిరిగినా ఎండ సూటిగా కళ్లలో పడుతుంది. అడ్డుకోవడానికి కొండ లేదు, చెట్టు లేదు. పొద్దున వెళ్లి మర్నాడు మధ్యాహ్నం తిరిగి రండి, మసక పడితే జింకలు రోడ్డు మీదికొస్తాయి.